నూనె గిన్నెలో ముఖం

“గడప దాటావంటే నా మీద ఒట్టే!”

ఇంద్రాణి రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి నిలబడింది. ఇవతల ఆమె కొడుకు పృథ్వీరాజ్. అవతల గదిలో మంచం మీద ఆపరేషన్ కుట్లతో కోడలు ప్రవల్లిక, పక్కన ఉయ్యాల్లో పాప. పుట్టి వారం దాటినా కన్నతండ్రి ఇంకా ముఖం చూడలేదు.

“ఒక్కసారమ్మా. దూరం నుంచే చూస్తాను.”

“దూరమూ లేదు, దగ్గరా లేదు. మూల మొదటి పాదంరా! తండ్రికి గండం. ఆ నక్షత్రం మళ్ళీ తిరిగొచ్చిన రోజున శాంతి చేయించి, ముందు నూనెలో చూడాలి. సిద్ధాంతిగారు మరీ మరీ చెప్పారు.”

“పోనీ, ఫోన్లో ఫొటో?”

“ఫొటోలో ఉండేది ముఖం కాదేంటి? నాకున్నది నువ్వొక్కడివేరా.”

శ్రవణా నక్షత్రంలో సిజేరియన్ చేయిద్దామని ముహూర్తం పెట్టుకున్నారు. పాప గుండె చప్పుడు తగ్గుతోందని డాక్టరు ముందే చేసేసింది. ఆసుపత్రి వరండాలో నర్సు పాపని తెచ్చి “లక్ష్మీ ఆయీ హై, దేఖియే భయ్యా” అంటూ చూపించబోతే, పృథ్వి గోడవైపు తిరిగిపోయాడు. ఆడపిల్ల పుట్టిందని అలిగాడనుకుని ఆవిడ హిందీలో చెడామడా వాయించింది. మూల నక్షత్రాన్ని హిందీలో ఎలా చెప్పాలో తెలియక పాపం తలొంచుకుని నిలబడ్డాడు.

ప్రవల్లిక తల్లికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. అందుకని గ్రేటర్ నోయిడా ఫ్లాట్లో పురుడు పోస్తున్నది అత్తగారే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ హాల్లో సోఫా మీద రజాయి ముసుగు పెట్టేది. పాప సరిగ్గా అప్పుడే రాగం అందుకునేది.

ఆ రోజూ అంతే. ప్రవల్లిక పక్కకి ఒత్తిగిలి, మోచేయి ఆనించి, కుట్ల మీద దిండు అదుముకుని ఎలాగో లేచి కూర్చుంది. ఉయ్యాల మీదకి ఒంగబోతే ప్రాణం పోయినంత పనయింది.

“అత్తయ్యా!” అని పిలిచింది. పలకలేదు. “అత్తయ్యా!” అని మళ్ళీ పిలిచింది. గురక మాత్రం పెద్దదైంది.

“పృథ్వీ, నా వల్ల కావట్లేదు. దాన్ని ఎత్తి ఇవ్వడానికి కూడా ఎవరూ లేరా నాకు?”

పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్న పృథ్వి హెడ్‌ఫోన్స్ పడేసి గుమ్మం దాకా పరుగెత్తాడు. అక్కడ ఆగిపోయాడు. పాప గుక్కపెట్టింది. కొక్కేనికి వేలాడుతున్న ఉన్ని మఫ్లర్ తీసి, కళ్ళకు రెండు చుట్లు బిగించి కట్టుకుని లోపలికి అడుగేశాడు. సాంబ్రాణి కుంపటి పెట్టే స్టూలు ఠపీమని కాలివేలికి తగిలింది.

“కుడివైపుకి రా. ఇంకొంచెం. ఇప్పుడు ఒంగు. మెడ కింద చెయ్యి పెట్టు, మెడ జాగ్రత్త!”

అంతే, పాప చేతుల్లోకి వచ్చింది. వేడివేడిగా, పాల వాసనేస్తూ.

“ఎలా ఉందే?” అన్నాడు.

“ముక్కు నీదే.”

“కళ్ళు?”

“నిన్నే చూస్తున్నాయి.”

మఫ్లర్ తడిసిపోయింది.

సాయంత్రం ఇంద్రాణి కొడుకు కాలు చూసి “వేలికేమైందిరా?” అంది.

“ఆఫీసు టేబుల్ తగిలిందమ్మా.”

“అచ్ఛా” అంటూ పసుపు అద్దింది.

మర్నాటి నుంచి కాలికి ఏమీ తగల్లేదు. దారి అలవాటైపోయింది కాబోలు అనుకున్నాడు. రోజూ మధ్యాహ్నం పాపని ఎత్తి తల్లికిచ్చేవాడు. పాలు తాగాక భుజాన వేసుకుని వీపు నిమిరేవాడు. ఎడమ చెవి తమ్మె మడత, బోర్లించిన గవ్వలాంటి గుప్పిలి, అరికాళ్ళ మెత్తదనం, అన్నీ చేతులకు తెలిసిపోయాయి. కళ్ళకే ఏమీ తెలియదు. కాల్స్ మధ్యలో ఆ ముక్కలన్నీ కలిపి ఓ ముఖం కట్టుకుందామని చూసేవాడు. ఎంత ప్రయత్నించినా కుదిరేది కాదు. గోడకి అవతలే ఉన్న కూతురి మీద ఇంత బెంగేమిటో అతనికే అర్థమయ్యేది కాదు.

చివరికి మూల తిరిగొచ్చింది. పురోహితుడు వచ్చి హోమం చేశాడు. కంచు గిన్నెలో నువ్వులనూనె పోశారు. పృథ్వి గిన్నె ముందు కూర్చున్నాడు. వెనక ప్రవల్లిక పాపని అతని భుజం మీదుగా చూపించింది.

నూనె కదిలి, నిలిచింది. అందులో బుల్లి ముఖం, ఆ ముఖంలో తన ముక్కు. పృథ్వి రెప్ప వెయ్యలేదు. ఇన్నాళ్ళూ కుదరని ముఖం ఇదే.

“కనబడిందా?” అన్నాడు పురోహితుడు.

తలూపాడు. ఈలోగా పాప కెవ్వుమంది. ప్రవల్లిక ఎడం భుజాన వేసుకుని జోకొట్టింది. ఆగలేదు.

“ఎడం భుజం పడదే దానికి, కుడివైపు వెయ్యి” అనేశాడు, గిన్నెలోంచి చూపు తిప్పకుండానే.

పురోహితుడి మంత్రం ఆగింది. ప్రవల్లిక నాలిక్కరుచుకుంది. పృథ్వి గిరుక్కున తల్లి వైపు తిరిగాడు.

“నీ మీద ఒట్టమ్మా, గడప దాటాను గానీ ముఖం చూడలేదు. రోజూ మఫ్లర్ కట్టుకునే వెళ్ళాను. తను ఒంగలేదమ్మా, కుట్లు...”

ఇంద్రాణి కోడలి భుజం మీంచి పాపని అందుకుని, తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టింది.

“తెలుసు లేరా! రజాయి ముసుగు పెట్టుకునే ముందు రోజూ ఆ సాంబ్రాణి స్టూలు తీసి గోడవారకి జరిపిందెవరనుకున్నావ్?”