బూడిదముక్కు పిల్ల

“మొహం తుడుచుకునే తువ్వాలుతో ఆ పక్షి ముక్కు తుడుస్తావటే!” అత్త గొంతు ఇల్లంతా మోగింది.

“పక్షి కాదత్తా, గ్రిఫిన్,” అంది పిచ్చుక. అసలు పేరు వేరే ఉన్నా ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు.

“సగం పక్షేగా!”

“ఆ సగమే తుడిచాను.”

తల్లి నవ్వాపుకుంటూ ఉతికిన తువ్వాలొకటి తెచ్చి ఆడపడుచు చేతికిచ్చింది. “పొద్దున్నే తగువెందుకు వదినా, ఇది తీసుకో.”

“నాకేం సరదానా? మొదట్నించీ నెత్తికెక్కించుకున్నావు. అసలు ఆ రోజే నేను...”

“వదినా.”

తల్లి గొంతు పెంచలేదు. అయినా అత్త ఠక్కున ఆగిపోయి, తువ్వాలు భుజాన వేసుకుంది.

అంతలో మిద్దెమీది గూటిగదిలోంచి తండ్రి దిగివచ్చాడు. ఆ ఇంట్లో తాతల కాలం నుంచీ కొండ గ్రిఫిన్లను పెంచుతున్నారు. గద్ద తల, సింహం నడుము, కనుమల మీదుగా టపా మోసే రెక్కలు. పెట్ట పొదిగిన గుడ్లు పగిలే రోజంటే ఇంట్లో పండగే. కానీ తండ్రి మొహంలో ఆ సంబరం లేదు.

“రెండు పిల్లలూ బయటికొచ్చాయి. ఒకదాని ముక్కు బూడిదరంగు.”

కొండజాతి పిల్ల ముక్కు పసుపు. బూడిదముక్కు ఏటి గ్రిఫిన్‌ది. ఆ జాతి గూడు కట్టదు. ఏరు పొంగే కాలంలో దొరికిన గూట్లో గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది.

“ఇంకేం, గోడెక్కించండి,” అంది అత్త.

ఆ వృత్తిలో అందరికీ తెలిసిన మాటే అది. పరాయి పిల్లను తీసి మిద్దె గోడమీద పెట్టేస్తారు. పెట్ట రొమ్ము కింది వెచ్చదనం లేని పిల్ల ఎంతోసేపు బతకదు. చంపామన్న పాపం ఎవరికీ అంటదు.

“గూటిగది ఈ సంవత్సరం నుంచి పిచ్చుకది. అదే చెప్పాలి,” అన్నాడు తండ్రి.

“చెప్పడానికేముంది నాన్నా! మనది కానిది మన గూట్లో ఎందుకు? భోజనాల లోపు తీసేస్తాను.”

తల్లి చేతిలోని గిన్నె జారి కిందపడింది.

“ఏమైందమ్మా?”

“చెయ్యి తడిగా ఉంది.” వంగి గిన్నె తీసింది కానీ వెంటనే లేవలేదు. “గోడెక్కించాల్సిందేనా?”

“అది రెండింతలు మింగుతుందమ్మా. మన పిల్ల ఎండిపోతుంది. పాపం పెట్ట మోసపోయింది. మోసపోయిన తల్లికి మనం కాకపోతే ఎవరు సాయం చేస్తారు?”

“పరాయిది పరాయిదే,” అత్త తల ఊపింది. “ఎంత పెట్టినా, రెక్కలొచ్చాక తన ఏటికే పోతుంది.”

“పోనీ వదినా. పోయేదాకా ఉంటుందిగా.”

పిచ్చుక తోలు తొడుగు చేతికి వేసుకుని మెట్లెక్కింది. తల్లి కూడా కదలబోతే భర్త ఆపాడు. “దాన్నే తేల్చుకోనీ.”

“ఏం తేలుస్తుందోననే నా భయం,” అని ఆమె అతని చెయ్యి తప్పించుకుని వెళ్ళింది.

గూటిగదిలో వెచ్చటి ఈకల వాసన. పెట్ట రెక్క కింద రెండు తలలు. పసుపుముక్కు పిల్ల కళ్ళు ఇంకా విడలేదు. బూడిదముక్కుది అప్పుడే కళ్ళు తెరిచి పిచ్చుకనే చూస్తోంది. దాని వేళ్ళు చేపను పట్టడానికి వీలుగా రెండు ముందుకి, రెండు వెనక్కి ఉన్నాయి.

పిచ్చుక దాన్ని పట్టి ఎత్తింది.

పెట్ట లేవలేదు. మెడ ఒక్కటే చాచి, తొడుగు అయిపోయిన చోట, పిచ్చుక మణికట్టును ముక్కుతో పట్టుకుంది.

తల్లి గుమ్మం దాటి ముందుకు ఉరికింది. “వదిలెయ్యమ్మా! చెయ్యి పోతుంది!”

“అరవకమ్మా. కొరకట్లేదు. పట్టుకుందంతే.”

పిచ్చుక మెల్లగా పిల్లను దించింది. పెట్ట పట్టు వదిలింది. ముక్కుతో ఆ పిల్లను రొమ్ము కిందికి లాక్కుని, మెడమీది నూగు సర్దింది.

“అమ్మా, గుడ్లు పగలకముందు పెట్ట ముక్కుతో తట్టి పిలుస్తుంది కదా. కొండజాతి పిల్లయితే లోపల్నించి కీచుమంటుంది. ఏటిజాతిది పలకదు. కొత్త పెట్ట మోసపోతుంది గానీ, తెలిసిన పెట్ట పలకని గుడ్డును గూట్లోంచి తోసేస్తుంది.”

“అవును.”

“నేను చూశాను. ఒక గుడ్డు పలికింది, ఒకటి పలకలేదు. ఇది కొత్త పెట్ట కాదు, అయినా దాన్ని తోసెయ్యలేదు. వెచ్చగా తగలాలని తన ఈకలు పీక్కుని మరీ కడుపు కిందికి లాక్కుంది. చచ్చిన గుడ్డేమో, తెలియక ఉంచుకుందేమో అనుకున్నా.”

తల్లి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల దగ్గర అత్తే మొదలెట్టింది. “ఏమే, గోడెక్కించావా?”

“లేదత్తా. రెండూ ఇక్కడే పెరుగుతాయి. మేత నేనే విడివిడిగా పెడతాను. మన పిల్లకు తక్కువ చెయ్యను.”

“అది మనది కాదే పిచ్చిదానా!”

“ఆ సంగతి పెట్టకు తెలుసు. తెలిసే పొదిగింది. తెలిసి పొదిగాక ఇంక పరాయిదేంటత్తా?”

తండ్రి తినడం ఆపి భార్య వంక చూశాడు, మెల్లగా తలాడించాడు. తల్లి వడ్డించే గరిటె పక్కన పెట్టి, వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

“నిన్నూ అలాగే పెంచుకున్నామమ్మా,” అంది.