పోయి వచ్చే బొమ్మ

జనగామ రైల్‌రోకోలో విరిగింది జగపతి కాలు ఒక్కటే. నోటికి చిన్న గీత కూడా పడలేదు. మొగుడి మీద రేణుకకున్న ఫిర్యాదల్లా అదే.

"ముందుగాల టీ తాగుండ్రి సార్. మా ఆమె జేసిన బొమ్మ యాడికీ పోదు. ఇంట్లకెల్లి గేటు దాంక నడవనీకే దానికి ఇరవై దినాలు వట్టింది," మంచంలోంచే అన్నాడు జగపతి.

కంప్యూటర్ సెంటర్ నడిపే విద్యాసాగర్ నవ్వి, కుర్చీ కంప్యూటర్ ముందుకి జరుపుకున్నాడు. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె అయ్యాక సెంటర్ తెరుస్తాడు. పాఠం చెప్పడానికి ఒక మనిషి కావాలి. పరీక్ష కూడా ఆయనే పెట్టాడు: తెర మీద ఒక మనిషి ఇంట్లోంచి దీక్షా శిబిరానికి నడిచి పోవాలి, తిరిగి రావాలి. ప్రోగ్రామ్ సొంతంగా రాయాలి.

జగపతి కూడా పెళ్లానికి ఒక పరీక్ష పెట్టాడు. "సార్ ఒక్క తప్పు వట్టిండనుకో, కొలువు మాట మళ్ల ఎత్తద్దు. ఇంట్ల కూసొని నా కాలు సూస్కో."

రెండు నెలలుగా ఆ కాలు వింతగానే ఉంది. కర్ర పట్టుకుని శిబిరం దాకా పోయి దండ వేయించుకుని వచ్చేది. నీళ్ల బిందె కనపడితే మాత్రం సలుపు మొదలయ్యేది. రోజూ పొద్దున్నే పసరు రాసి కట్టు కట్టేది తల్లి గంగవ్వ. "నీ చేతులు మొరటు," అని కోడల్ని ముట్టనిచ్చేది కాదు.

"కరెంటు పోకముందే సూపియ్యమ్మా," అన్నాడు విద్యాసాగర్.

రేణుక మీట నొక్కింది. తెర మీద తలుపు తెరుచుకుంది. కర్ర, మీసం, కాలికి తెల్లటి కట్టు. అచ్చం జగపతే. కుంటుకుంటూ శిబిరానికి పోయాడు, జెండా ఊపాడు, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

"శెబాష్!" అన్నాడు విద్యాసాగర్.

"ఆగుండ్రి సార్!" జగపతి లేచి కూర్చున్నాడు. "ఇంకోపారి పెట్టవే. ఆఁ... పోయేటప్పుడు కట్టు ఏ కాలుకున్నది? కుడికాలుకు. వచ్చేటప్పుడు? ఎడమకాలుకు! శిబిరంల కాలు మార్చుకొని వచ్చిండా వాడు?"

విద్యాసాగర్ మళ్లీ చూశాడు. ముఖంలో నవ్వు తగ్గింది. "అవునమ్మా. పోయే బొమ్మనే అద్దంల లెక్క తిప్పి పెట్టినవ్. కొత్తగ నేర్చుకునేటోళ్లు జేసే తప్పే గని, పాఠం జెప్పేటోళ్లకు..."

"అయిపాయె!" జగపతి తొడ చరిచాడు. "అట్లపెంక మీద తిప్పుడొక్కటే వస్తది సార్ దీనికి. అవ్వా, సారుకు టీ దే! నీ కోడలు కొలువు ఇయ్యాల్లనే దిగిపోయింది."

రేణుక తల ఎత్తలేదు. "నేను తిప్పలేదు సార్. ప్రోగ్రామ్‌ల తిప్పే లైనే లేదు, సూడుండ్రి. పోయే బొమ్మ వేరే గీసిన, వచ్చే బొమ్మ వేరే గీసిన. ఫోటోలు ముందట వెట్టుకొని."

"ఏం ఫోటోలు?"

"ఈయనవే. సోమవారం శిబిరానికి పోతుంటే ఒకటి తీసిన. గురువారం వస్తుంటే ఒకటి. ఫోటోల ఎట్లుంటే గట్లనే గీసిన."

ఫోన్ ఆయన చేతికిచ్చింది. రెండు ఫోటోల్లోనూ వెనక గోడ మీది 'జై తెలంగాణ' తిన్నగానే ఉంది. సోమవారం జగపతి కుడికాలు ఈడుస్తున్నాడు. గురువారం ఎడమకాలు. కట్టు ఏ కాలికుంటే ఆ కాలు.

విద్యాసాగర్ చూపు ఫోన్ మీంచి మంచం మీదికి పోయింది. జగపతి దుప్పటి రెండు కాళ్ల మీదికీ లాక్కున్నాడు. ఆ నోరు రెండు నెలల్లో మొదటిసారి మూతపడింది.

"సమ్మె బంద్ అయిన తెల్లారే రామ్మా," అన్నాడు విద్యాసాగర్ మెల్లగా.

టీ గ్లాసులతో గడపలో నిలబడ్డ గంగవ్వ కొడుకు ముఖం చూసి గొల్లుమంది.

"తప్పు నాదేరా కొడుకా! కుడికాలుకే కట్టుమని నువ్వు రోజు జెప్తనే ఉంటివి. గురువారం నువ్వు పండుకొనుండంగ, కండ్లద్దాలు దొరకక ఎడమదానికి కట్టిన!"