రెండిళ్ల పాతపిండి

బీపీ మందూ షుగరు మందూ ఇడ్లీపిండిలోని ఈస్టే తయారుచేసి పెడుతున్న రోజులవి. కొత్త కోడలు కాపురానికొస్తే తోడు వేయడానికి దాచుకునే రెండిళ్ల పాతపిండినీ ఒకే గిన్నెలో కలపడం ఆనవాయితీ. సంహిత మాత్రం పుట్టింటి గిన్నెను వెనక దాచుకుంది.

“మా ఈస్టు పరాయి ఈస్టును బతకనివ్వదు అత్తయ్యా. చంపే విషమూ, దాన్ని తట్టుకునే శక్తీ దాని కణరసంలోనే ఉన్నాయి. మీది చచ్చిపోతుంది.”

అత్తగారు మౌనిక తన గిన్నె వంక చూసింది. అమ్మ పోయాక ఆమెకు మిగిలింది ఆ పులుపొక్కటే.

“చచ్చేలోపు కొన్నైనా మీవాటితో జతకడతాయిలే. వాటి పిల్లలకు మీ కణరసమూ వస్తుంది, మా అమ్మ పులుపూ వస్తుంది,” అంటూ సంహిత గిన్నె అందుకుని, గుండె చిక్కబట్టుకుని తన పిండిని అందులోకి వంపేసింది.

తెల్లారేసరికి పిండి పొంగింది. మొదటి ఇడ్లీ ముక్కను మౌనిక చాలాసేపు నమిలింది. పులుపు సన్నగా నాలుక చివర తగిలింది.

“ఈ పిండి కాస్త మీ అమ్మకు పంపమ్మాయ్. మీ విషాన్ని తట్టుకునే పిల్లలివి. ఇక మా అమ్మ మీ ఇంట్లోనూ బతుకుతుంది.”