సగం అక్షరాలు

“టైపు రానివాళ్లను కూర్చోబెడితే లెక్కలు ఇలాగే వస్తాయి,” అన్నాడు కంప్యూటర్లు చూసే త్రిమూర్తులు ఫోన్లో. నాచారం హెడ్డాఫీసులో అందరూ వింటున్నారు. ఉప్పల్ మందుల గోడౌన్ నుంచి మోడెం మీద వచ్చిన స్టాకు రిపోర్టు ఆయన ముందుంది. సగం అక్షరాలు, సగం పిచ్చి గీతలు.

అవతల ఆ రిపోర్టు పంపిన సారలమ్మ తన స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉందని చెప్పబోయింది. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆమె మళ్లీ ఫోన్ చేస్తే తనకు కలపొద్దని ఆఫీసు ఆపరేటర్‌కు చెప్పాడు. స్టాకు లెక్క తేలక ఆ వారం రెండు ఆసుపత్రులకు ఇన్సులిన్ అందలేదు. గోడౌన్ మేనేజరు సారలమ్మను కంప్యూటర్ ముందు నుంచి లేపి ప్యాకింగుకు పంపాడు.

ఆమె కుర్చీలో ఉమాపతి అనే గుమాస్తా కూర్చున్నాడు. మర్నాడు అతను పంపిన రిపోర్టూ అలాగే వచ్చింది.

త్రిమూర్తులు మోడెం మార్చాడు. కేబుల్ మార్చాడు. చివరికి ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. సారలమ్మ రిపోర్టు కింద ఒక వరుస ఎక్కువుంది, అదీ పిచ్చి గీతలే. మూడు అంకె ప్రతిసారీ మూడుగానే వస్తోంది. ఒకటి ప్రతిసారీ చెడిపోయే వస్తోంది. చేతి తప్పు ఇంత పద్ధతిగా ఉండదు. లేచి వెళ్లి, మోడెం లైన్లన్నీ కలిసే టెర్మినల్ సర్వర్‌లో ఉప్పల్ పోర్టు తెరిచాడు. అక్షరాలు సరిగ్గా అందాయో లేదో చూసుకునే పారిటీ సెట్టింగు గోడౌన్ వాళ్లదొకటి, ఇక్కడిదొకటి. పది రోజుల కిందట పాతది తీసి ఈ పెట్టెను బిగించింది తనే.

సరిచేయడానికి నిమిషం పట్టలేదు. తలెత్తి చుట్టూ ఉన్నవాళ్లను చూడటమే చేతకాలేదు.

బండి తీసి ఉప్పల్ బయల్దేరాడు. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర, ఫోన్లో చెప్పేస్తే పోదా అనిపించింది. ఫోన్లో అన్న మాటే గదా ఆమెను ప్యాకింగుకు తోసింది అనుకుని ముందుకే పోనిచ్చాడు.

సారలమ్మ అట్టపెట్టెకు టేపు వేస్తోంది. పనివాళ్లందరూ వింటుండగానే, తప్పు తనదని, రేపట్నుంచి ఆమెను పాత కుర్చీలోనే కూర్చోబెట్టమని మేనేజరుకు చెప్పానని అన్నాడు. క్షమించమనే మాట ఆగి ఆగి వచ్చింది. ఆమె సరేనన్నట్టు తలూపింది.

“తప్పు మా వైపు ఉందని మీకు అనుమానమైనా రాలేదా అమ్మా?” అన్నాడు.

“వచ్చింది సార్. మోడెం తోని వచ్చిన పుస్తకం సదివిన. మీరు ఫోన్ల దొరకకపోతిరి. అందుకే దినాం రిపోర్టు కిందనే రాసి పంపిన, ‘సార్, మీ దిక్కు జర పారిటీ సూడున్రి’ అని.”