సెకనులో పదో వంతు

డాక్టర్ సోమయాజులు పెన్ను మూత తీసి పది నిమిషాలైంది. సంతకం మాత్రం పెట్టలేదు.

"నవనీతా, ఇంకొక్కసారి ఆలోచించమ్మా," అన్నాడు. "మామూలు రేడియేషన్ ఉంది కదా. ముప్పై విడతలు, అంతే. దానితో మొదలుపెడదాం."

"మామూలు రేడియేషన్ సంగతి మీరు నాకు చెప్తున్నరా సార్?"

ఆయన తల దించుకున్నాడు. ఆ తల అలా దిగడం చూడాలనే నవనీత తొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉంది.

తొమ్మిదేళ్ళ కిందట గోల్నాకలో ఆమె తల్లి ఈరమ్మకు నాలుక మీద పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. ముప్పై మూడుసార్లు కిరణాలు పెట్టారు. పుండుతో పాటు నోరూ గొంతూ కాలిపోయాయి. చివరి నెలలో ఈరమ్మ గుక్కెడు నీళ్ళు మింగలేకపోయింది. కూతురు తడిగుడ్డతో పెదవులు అద్దుతుండగా, దాహంతోనే పోయింది.

అప్పటికే నవనీత యూనివర్సిటీ క్యాంపస్‌లో కొత్తరకం రేడియేషన్ మీద పరిశోధన చేస్తోంది. వారాల తరబడి కొంచెం కొంచెం ఇచ్చేదానికి బదులు పెద్ద మోతాదు ఒకేసారి, సెకనులో పదో వంతులో. ఎలుకల్లో గడ్డ కరిగింది, చుట్టూ ఉన్న మంచి కండ కాలలేదు. కుక్కల్లోనూ అంతే. ఇక మనుషులకు ఇస్తామని అనుమతి అడిగింది.

అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి రేడియేషన్ డాక్టరైన సోమయాజులే ఛైర్మన్. నూట పది పేజీల దరఖాస్తు చివర ఆయన రాసింది రెండే మాటలు: 'తొందరేమీ లేదు.' ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఈరమ్మకు ఇరవయ్యో విడత.

ఇన్నేళ్ళకు కొత్త కమిటీ ఒప్పుకుంది. ముందుగా చేతికో కాలికో, చర్మం పైపైన లేచిన గడ్డలకు మాత్రమే. మొదటి కేసుకు ఎవరు కావాలని అడగగానే నవనీత నోట వచ్చిన పేరు సోమయాజులు.

"ఒక్క ఆర్నెల్లు ఆగుదాం," అన్నాడాయన. "బయటి దేశాల ఫలితాలు ఇంకొన్ని వస్తాయి."

"గడ్డ ఆగుతదా సార్? నెల రోజులల్ల రెండింతలైంది."

ఆయన కళ్ళు చెమర్చాయి. "మీ అమ్మగారికి ఇది పనికొచ్చేదని ఎవరూ చెప్పలేరమ్మా. ఆ రోజు నా ముందున్న ఆధారాలు అంతే."

"మా అమ్మ దప్పికతోని పోయింది. అది గూడ ఆధారమే."

కాగితం కింది గీత మీద ఆమె సంతకం అప్పటికే ఉంది. పై గీతను వేలితో చూపించింది. ఆయన పేరు రాశాడు. చివరి అక్షరం గీత దాటి పక్కకు పోయింది.

మర్నాడు దాని కాపీ ఇవ్వడానికి తార్నాకలో ఆయన ఇంటికి వెళ్ళింది. ఎవరితోనైనా పంపవచ్చు. ఆయన ఎలా ఉన్నాడో కళ్ళారా చూడాలనిపించింది. గేటు దగ్గర ఆయన భార్య ఎదురొచ్చింది.

"వారం నుంచీ ఆయనకు నిద్ర లేదమ్మా. ముద్ద నోట్లో పెట్టుకోవట్లేదు. ఊరికే చేతులు చూసుకుంటూ కూర్చుంటున్నారు. ఇంకేదైనా దారి లేదా?"

"లేదమ్మా," అంది నవనీత.

వెనక్కి ఆటోలో వస్తుంటే, తనకు కలుగుతున్నది సంతోషమేనని తెలిసింది. సిగ్గు కూడా వేయలేదు.

బుధవారం యంత్రాన్ని మూడుసార్లు పరీక్షించింది. ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు నిపుణులు లెక్కలన్నీ మళ్ళీ సరిచూశారు. వాళ్ళు వెళ్ళాక టెక్నీషియన్ ఇమ్మానుయేల్ ఉండబట్టలేక అడిగాడు.

"మేడం, ముసలాయన. మీ పంతానికి ఆయన్ని గింత గోస పెట్టాల్నా?"

"మంచిగైతే, తొమ్మిదేండ్లు తప్పు జేసినని ఆయనకు ఎరుకైతది."

"కాకపోతే?"

"చేసింది ఎవరో గూడ ఆయనకే ఎరుకైతది."

ఇమ్మానుయేల్ మెడలోని శిలువను పట్టుకున్నాడు.

గురువారం పొద్దున పది గంటలకు సోమయాజులు వచ్చాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. నవనీత వైపు ఒకసారి చూశాడు.

ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళారు. బరువైన తలుపు మూసుకుంది. మధ్యలో మనిషంత మందం సిమెంటు గోడ. చూడటానికి కెమెరా, మాట్లాడటానికి మైకు. స్పీకర్‌లో ఆయన ఊపిరి ఎగశ్వాసలా వినిపిస్తోంది.

"నవనీతా, వినబడుతోందా?"

"వినబడుతున్నది సార్."

"భయంగా ఉందమ్మా."

"మా అమ్మకు గూడ ఉండె."

స్పీకర్‌లో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"నన్ను క్షమించమ్మా. ఆ రోజు నేను ఇంకొంచెం..."

ఈ మాట వినడానికి ఆమె ఎన్ని రాత్రులు మేలుకుందో. విన్నాక కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు. ఈరమ్మ ఎండిపోయిన పెదవులే కళ్ళ ముందు కదిలాయి.

"తర్వాత మాట్లాడుదాం సార్. తర్వాత అనేది ఉంటే."

ఇమ్మానుయేల్ గొంతు వినిపించింది. అంతా సిద్ధమన్నాడు.

యంత్రం కింద బల్ల మీద, ఎడమ ముంజేతి మీది గడ్డను కిరణాలకు ఎదురుగా పెట్టుకుని పడుకున్న నవనీత, "ఇగ బటన్ నొక్కండి సార్," అంది.