స్లాబు పోసిన రోజు

"కురిసిందాండీ?" తలెత్తి కప్పునే చూస్తూ అడిగింది క్రిస్టీ.

"చుక్క దిగితే ఒట్టు. రాత్రి అంత వాన పడిందా, నేను లేచి చూడనే లేదు" అంది కన్యకాపరమేశ్వరి.

జగ్గయ్యపేటలో వాళ్లకు కింద కిరాణా కొట్టు, పైన కొత్తగా వేసుకున్న ఇల్లు. ఆ ఇంటికి స్లాబు పోసింది రూబెన్ మేస్త్రి.

"మాట మీద నిలబడే మనిషేనాండీ?"

"స్లాబు పోసాక ఏ మేస్త్రైనా మొహం చూపిస్తాడా అమ్మాయ్? ఇతను రోజూ పొద్దున్నే వచ్చి, స్లాబు తడారకుండా పైన కట్టిన మడుల్లో నీళ్లున్నాయో లేవో తనే చూసుకునేవాడు. ఇల్లు మనదా, ఇతనిదా అని మా వారు ఒకటే నవ్వు."

"మరి సాయంత్రాలు?"

"సాయంత్రాలేంటి?"

"అదేనండీ, మందూ గిందూ..."

"పని కాగానే వెళ్లిపోయేవాడు. ఎటు పోయేవాడో నాకేం తెలుసు? పగలు పని బాగుంటే చాలదా మనకి?"

క్రిస్టీ నవ్వలేక నవ్వి మెట్లు దిగింది. కింద బండి మీద కూర్చున్న అన్న వరప్రసాదరావు ఆమె మొహం చూసి, "ఏమంది?" అన్నాడు.

"పనికి వంక లేదంది."

"పనికి వంక ఉందని నేనన్నానా? తంటా అంతా తాగుడుతోనేగా. కిందటేడు చిల్లకల్లులో మీ ఇంటికి స్లాబు పోస్తానని లోపలి గది మీద రేకులు దించాడా? దించినవి దించినట్టే వదిలేసి, తాగి పడుకున్నాడా? ఆ వానకి తడిసి పాప ఆసుపత్రి పాలైందా లేదా?"

"నాకు చెప్తావేంటి? మంచం పక్కన కూర్చుంది నేను."

"మరి? మానేసా, ఈసారి పని పూర్తిచేస్తా అని కబురు పంపగానే నమ్మేయడమేనా?"

"నమ్మానని ఎవరన్నారు? కనుక్కుంటున్నా. ఈసారి కూడా తేడా వస్తే పాప తట్టుకోలేదు అన్నయ్యా. నేనూ తట్టుకోలేను."

ఆ గొంతు విని వరప్రసాదరావు తగ్గాడు. ఆ వాన తర్వాత తల్లీకూతుళ్లిద్దరూ జి.కొండూరులో తన ఇంట్లోనే ఉంటున్నారు. పాప ఇప్పటికీ ఉరిమితే వాళ్ల అమ్మమ్మ చెంగులో దూరుతుంది.

"సరే, ఎక్కు. నందిగామలో కూడా అడిగి చూద్దాం. అక్కడ మొన్నీమధ్యే స్లాబు పోసాడంట."

"అక్కడ నేను పని గురించి అడగను. స్లాబు పోసిన రోజు సాయంత్రం ఎట్లా ఉన్నాడో అడుగుతా."

ఆ ప్రశ్నలో ఉన్న కిటుకు వరప్రసాదరావుకు వెంటనే తెలిసింది. స్లాబు పోసిన సాయంత్రం పనివాళ్లందరికీ కోడికూర వండి, మందు పోయించడం ఈ వైపు ఆనవాయితీ. అడగక్కర్లేదు, కొనక్కర్లేదు. ఇంటాయనే గ్లాసు నింపి చేతికిస్తాడు. మానేశానని చెప్పుకునేవాడి బండారం బయటపడేది ఆ పూటే.

నందిగామలో ఆ ఇంటాయన వీరరాఘవయ్య అరుగు మీదే ఉన్నాడు. రూబెన్ పేరు వినగానే చుట్ట పక్కన పెట్టాడు.

"వాడా? వాడి ఊసెత్తకమ్మా. చాలామంది మేస్త్రుల్ని చూశాగానీ ఇలాంటోణ్ణి చూళ్లా."

క్రిస్టీ అరుగు అంచు పట్టుకుంది.

"స్లాబు రోజు... తాగి గొడవ చేసాడాండీ?"

"తాగితే బాగానే ఉండేది!"

"అంటే?"

"మా అల్లుడు ఊరినుంచి మంచి సరుకు తెచ్చాడు. మేస్త్రికని నేనే గ్లాసు నింపి ఇచ్చా. ముట్టుకోడే! అల్లుడు బతిమాలాడు. కూలీలు ఎగతాళి చేసారు. ఊహూఁ. కంచంలో అన్నం పెట్టించుకుని, పోయి ఇసక కుప్ప మీద కూర్చుని తిన్నాడు. అల్లుడి ముందు నా పరువేం కావాలి?"

"ఎందుకు వద్దన్నాడో చెప్పలేదాండీ?"

"చెప్పాడు. 'మాటిచ్చా బాబాయ్, చూసేవాళ్లు లేరని తప్పుతామా' అన్నాడు. ఎవరికిచ్చావురా అంటే తల దించుకున్నాడు. వాళ్ల పాస్టరుగారికై ఉంటుంది."

క్రిస్టీ ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు నిండాయి. చున్నీతో తుడుచుకుని మళ్లీ నవ్వింది.

వీరరాఘవయ్య కంగారు పడ్డాడు. "ఏమైందమ్మా? స్లాబు సంగతి అడగవేం? స్లాబుకేం, రాయిలా ఉంది. పైకొచ్చి చూసుకో కావాలంటే."

"వద్దండి బాబాయిగారూ. నేను చూడాల్సింది చూసేశా."

వరప్రసాదరావు ఆమె వెనకే బండి దగ్గరికి వచ్చాడు. ఆయనా అంతా విన్నాడు. బండి తీస్తూ, "ఇసక కుప్ప మీద కూర్చున్నాడా!" అని తనలో తనే నవ్వుకున్నాడు.

హైవే ఎక్కగానే జి.కొండూరు వెళ్లేందుకు కంచికచర్ల వైపు తిప్పబోయాడు.

"ఇటు కాదన్నయ్యా. చిల్లకల్లు పోనీ."

"ఇప్పుడా? రూబెన్‌నే మన దగ్గరికి రమ్మంటా. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడాకే ఏదైనా."

"ఆ మాట్లాడేదేదో నేను మాట్లాడుకుంటా. రేపు అమ్మనీ పాపనీ తీసుకుని నువ్వు రా."

"ఈ వేళప్పుడు పనిలో ఉంటాడే. ఇంటికి తాళం వేసుంటుంది."

"ఇంకో తాళంచెవి నా దగ్గరే ఉందిగా."

వరప్రసాదరావు బండి వెనక్కి తిప్పాడు.

"కొంచెం త్వరగా పోనీ అన్నయ్యా" అంది క్రిస్టీ.

"మా ఆయన వచ్చేసరికి వంట అయిపోవాలి."