అల్లుడు తెచ్చిన నిప్పుమందు

“ఇంత డబ్బా కొండమంటను ఆపుతాదా?” దేవరాజులు ప్లాస్టిక్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

“కొండమంటను ఆపదు మామా. మన ఇంటికి అంటుకోనీదు,” అన్నాడు జయరామ్.

జయరామ్ దేవరాజులుకు సొంత అక్క కొడుకే. కూతురు కోమలినిచ్చి అల్లుణ్ణి చేసుకున్నాక, కుర్రాడు మద్రాసులో నిప్పు ఆర్పే సామాన్లు అమ్మే కంపెనీలో చేరాడు. దేవరాజులు లెక్కలో అది కొలువే కాదు. నిప్పంటుకుంటే నీళ్లు పోయాలని ఎవరికి తెలియదని ఆయన వాదం. ఆ పని మానేసి వచ్చి మామిడితోట చూసుకోమని కోమలి చేత రెండుసార్లు చెప్పించాడు కూడా. జయరామ్‌కేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఈసారి మామ చేత ఔననిపించుకోకపోతే తోట తప్పదని తెలిసే, సెలవు పెట్టి మరీ వచ్చాడు.

ఇల్లు వడమాలపేట అవతల, సరిగ్గా కొండ కింద. వెనక చిన్న మిద్దె, ముందంతా బోదగడ్డి కప్పు. ఆ బోద దేవరాజులు తన చేత్తో కోసి తెచ్చి కప్పుకున్నది. ఎండాకాలంలో కొండ కాలడం కొత్త కాదు గానీ, ఆ ఏడు పొగ రెండు రోజులుగా ఇటువైపే దిగుతోంది.

శుక్రవారమంతా జయరామ్ మామను కూర్చోనివ్వలేదు. గడ్డివామిని దూరంగా మార్పించాడు. ఇంటి చుట్టూ ముప్పై అడుగుల మేర ఎండాకు ఊడ్పించి, ఎండుగడ్డి చెక్కించాడు. మందు ఉండగా ఈ చాకిరీ ఎందుకని మామ గొణిగితే, ఇది చేయకపోతే మందు దండగన్నాడు. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాడు. మందును నీళ్లలో కలిపితే చిక్కబడుతుంది. మంట రాకముందే పూయాలి. ఎంత వేడికైనా అంత తొందరగా ఆరదు. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కాలు పడితే జారుతుంది. పూయడం కాగానే మనుషులూ గొడ్లూ ఇల్లు వదిలి పోవాలి. దేవరాజులు సగం విని ఆవలించాడు.

శనివారం తెల్లవారేసరికి ఊరంతా పొగ వాసనే. జయరామ్ కోమలి పెళ్లికి కొన్న జత దబరాల్లో ఒకటి తీసుకుని, వెనక వరండాలో మందు కలిపి, పళ్లెం మూసి, గొడ్లను విప్పడానికి వెళ్లాడు.

అత్త చంద్రకాంతమ్మ గొడవ వేరు. కోడి కూయకముందే లేచి బియ్యప్పిండిలో పచ్చిమిరపకాయలు నూరిపోసి వడియాలకు కాచి, జతలో రెండో దబరాలో పోసి, పళ్లెం మూసి, వెనక వరండాలోనే చల్లార పెట్టుకుంది. కొండ కాలుతుంటే వడియాలేమిటని భర్త కసిరాడు.

“కొండ ఏటా కాలతానే ఉండాది. పిండి పులిసిపోతే నువ్వు తింటావా?” అందామె.

శనివారం కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దు. ఉప్పు కారం చూసే నోరు లేదు. దేవుడి మీద భారం వేసి, వరండాలోని దబరా ఎత్తుకుని మిద్దె ఎక్కి, పాత పంచె పరిచి వడియాలు పెట్టి వచ్చింది.

పది గంటలకు గాలి తిరిగింది. మంట కొండ దిగసాగింది. జయరామ్ తోటకు మందు కొట్టే స్ప్రేయర్‌ను భుజానికి తగిలించుకున్నాడు. దాని మూతి రెండుసార్లు పూడుకుపోయింది. మామ ముందు కంపెనీ మాట దక్కించమని దేవుడికి మొక్కుకుని, చివరికి సున్నం కుంచెతో గోడలకు పూశాడు, నిచ్చెన మీద నిలబడి చెంబుతో కప్పంతా తడిపాడు. అద్దాలు వద్దన్న దేవరాజులు కంట్లో ఒక చుక్క పడింది. కన్ను భగ్గుమంది.

“అందుకే మామా, అద్దాలు పెట్టుకోమనింది,” అన్నాడు జయరామ్, మామ కన్ను కడుగుతూ.

“ఘాటైన మందే తెచ్చినావప్పా,” అన్నాడు దేవరాజులు. ఆ గొంతులో మొదటిసారి మర్యాద వినిపించింది.

ఆవుల్ని తోలుకుని అందరూ ఊళ్లోని బడికి చేరారు. దేవరాజులు దారంతా వెనక్కి చూస్తూనే నడిచాడు.

మంట ఆరిందని ఫారెస్టు వాళ్లు చెప్పాక సాయంత్రం తిరిగొచ్చారు. గడ్డి చెక్కిన అంచు దాకా నేలంతా నల్లగా ఉంది. లోపల ఇల్లు ఇల్లులాగే ఉంది. కప్పు మీద పడిన నిప్పురవ్వలు నల్లటి చుక్కలై ఆరిపోయాయి. దేవరాజులు గోడను తడిమి తడిమి చూసి అల్లుణ్ణి కావలించుకున్నాడు.

“ఇంగ తోట మాట ఎత్తను. నీ కొలువు నువ్వు చేసుకో నాయనా.”

జయరామ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోమలి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆదివారం ఊరంతా చూడడానికి వచ్చింది. మందును కడిగేద్దామని జయరామ్ అంటే, నలుగురూ చూసేదాకా వద్దని మామ పట్టుబట్టాడు. అది గోడ మీద ఎండి పెళుసై పెచ్చులుగా లేస్తోంది. చీమలు బారులు కట్టాయి. పక్కింటి మేక గోడను నాకుతుంటే, మందు తినకూడదని జయరామ్ ఎంత తోలినా అది కదలలేదు. సర్పంచి పంకజాక్షి ఊరికి పది డబ్బాలు కావాలంది. దేవరాజులు అల్లుడి మెడలో చామంతి దండ వేశాడు. అందరూ చప్పట్లు కొడుతుండగా చంద్రకాంతమ్మ దిగులు మొహంతో మిద్దె దిగి వచ్చింది.

“అంత మంట సెగకు కూడా ఒక్క వడియమూ ఆరలేదు.”